ఆచూకీ లేని ముప్పై ఎనిమిది మంది

"అరవై ఒకటి," అంది సరణ్య. "పోయిన నెల అచ్చయింది కూడా చేర్చుకుంటే."

డాక్టర్ సుగంధి తలెత్తలేదు. ముందున్న కేసు ఫైలు చివరి పేజీలో పచ్చ ఇంకుతో సంతకం చేసి, మూసి, ఎడమవైపు దొంతర మీద పెట్టింది. కుడివైపు దొంతర ఇంకా ఎత్తుగానే ఉంది.

"తర్వాత?"

"మీ వ్యాసాల్ని వేరేవాళ్ళు తమ వ్యాసాల్లో చూపించింది పంతొమ్మిది వందల నలభై సార్లు. అందులో పదకొండు వందలు ఒక్కదానికే మేడం. మూడు వారాల కరెంటుది."

రేడియేషన్‌ని ఆ ఆసుపత్రిలో రోగులూ ఆయాలే కాదు, డాక్టర్లు కూడా కరెంటనే అంటారు. నోటి క్యాన్సర్‌కి ఆరు వారాలు పెట్టే కరెంటును రోజువారీ మోతాదు పెంచి మూడు వారాల్లో ముగించినా రోగులు అంతే కాలం బతుకుతారని చెప్పిన వ్యాసం అది. అచ్చయి పదకొండేళ్ళయింది. దాన్ని చూసి చాలాచోట్ల ఆసుపత్రులు పద్ధతి మార్చుకున్నాయి. సమావేశాల్లో ఆమెను పరిచయం చేసేవాళ్ళు మిగిలిన అరవై వ్యాసాల ఊసెత్తరు.

ఆమె రిటైర్ కావడానికి ఏడు నెలలున్నాయి. ఒక జాతీయ సంస్థ ఇచ్చే జీవితకాల పురస్కారానికి ఆమె పేరు పంపాలని డైరెక్టర్ పట్టుబట్టారు. దాన్ని సిద్ధం చేసే పని విభాగంలో సహాయకురాలైన సరణ్యది. దరఖాస్తు శనివారం సాయంత్రం లోపల చేరాలి. ఇవాళ సోమవారం.

"ఒక పేజీ ఖాళీగా ఉండాది మేడం," అంది సరణ్య. ఇద్దరి ఇళ్ళలోనూ తెలుగే. గదిలో మూడోమనిషి లేనప్పుడు ఆ భాషలోనే మాట్లాడుకుంటారు. "ఈ పరిశోధన వల్ల జనానికి జరిగిన మేలు రాయాలంట. బతికుండే పేషంటు మాట ఒకటి పెడితే బాగుంటాదని డైరెక్టర్ సార్ చెప్పినారు."

"అప్పటి జాబితా ఉంది కదా. నాలుగు నెంబర్లకి ఫోన్ చెయ్."

సరణ్య గంట తర్వాత వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిలో కాగితాన్ని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"నూట పద్దెనిమిదో నెంబరు మేడం. చిన్నదురై. ఫోనెత్తింది ఆయన మేనకోడలు. మామ ఆ యేడు దీపావళికి ముందే పోయినాడని చెప్పింది."

"ఏ యేడు?"

"కరెంటు పెట్టిన యేడే."

సుగంధి కంప్యూటర్ తెరిచి పాత పట్టిక తీసింది. నూట పద్దెనిమిది. చిన్నదురై, యాభై మూడు, నాలుక పక్కన పుండు, మెడలో గడ్డ. చిరునామా ముదలియార్‌పేట. చికిత్స ముగిసిన రెండు నెలలకు ఒకసారి వచ్చి చూపించుకున్నాడు. ఆ తర్వాత ఉన్నది ఒకటే మాట: ఆచూకీ లేదు.

ఆచూకీ లేని మనిషిని లెక్కలో చనిపోయినవాడిగా చూడరు. చివరిసారి కనిపించిన రోజు వరకు బతికున్నట్టు రాసి, అక్కడితో వదిలేస్తారు. అలాంటివాళ్ళు కొద్దిమందే ఉండి, తలా ఒక కారణంతో దూరమై ఉంటే ఫలితం మారదు. అందరూ ఒకే కారణంతో దూరమైతే మారుతుంది. ఆమె ప్రతి ఏడూ కొత్తగా చేరిన విద్యార్థులకు ఈ సంగతి బోర్డు మీద గీతలు గీసి మరీ చెప్పేది.

మూడు వారాల కరెంటు పెట్టించుకున్నవాళ్ళు రెండు వందల పన్నెండు మంది. వాళ్ళలో ఆచూకీ లేనివాళ్ళు ముప్పై ఎనిమిది మంది.

"వాళ్ళకి మాత్రమే చెయ్," అంది.

మధ్యాహ్నానికి సరణ్య పదకొండు నెంబర్లు ప్రయత్నించింది. ఎనిమిది పనిచెయ్యడం లేదు. మూడు మోగాయి. ముగ్గురూ చనిపోయారు.

*

మంగళవారం అళగేశన్ తన ఇంటి వరండాలో కూర్చుని కుర్చీకి ప్లాస్టిక్ వైరు అల్లుతున్నాడు. ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు పనిచేసి నాలుగేళ్ళ కిందట రిటైరయ్యాడు. చికిత్స ముగించుకుని వెళ్ళిపోయిన రోగుల ఇళ్ళకు సైకిల్ మీద వెళ్ళి, ఎలా ఉన్నారో కనుక్కుని రాసుకురావడం అతని ఉద్యోగం. సుగంధి గేటు తీస్తుంటే లేవబోయాడు. ఒళ్ళోని వైరు చుట్ట జారి మెట్ల మీదికి దొర్లింది.

"ఏందమ్మా ఇంత దూరం. ఫోన్ చేసుంటే నేనే వచ్చేవాణ్ణి గదా."

లోపల్నుంచి అతని భార్య పట్టమ్మాళ్ తొంగి చూసింది. "డాక్టరమ్మ ఇంటికే వచ్చిందంటే నాకు గుండె దడదడలాడతాది. మాలో ఎవురికీ ఏం లేదు గదమ్మా?"

"ఏం లేదక్కా. అన్నతో పనుండి వచ్చాను."

"ఈయనతో ఇంకా పనుండేవాళ్ళు కూడా ఉండారా? కూర్చోమ్మా. ఆ కుర్చీలో కాదు, అది సగమే అల్లినాడు."

సుగంధి స్టూలు మీద కూర్చుని జాబితా తీసింది. విషయం చెప్పింది. చెబుతున్నంతసేపూ అతను వైరును ఒక గడి కింద నుంచి లాగి, రెండో గడి మీదుగా దించి, బొటనవేలితో నొక్కి పట్టుకునే ఉన్నాడు.

"వీళ్ళ ఇళ్ళకి వెళ్ళారా, వెళ్ళలేదా?"

"పోయినానమ్మా. మూడు మూడు సార్లు."

"మరి?"

"ఆ ఇండ్లలో వాళ్ళు లేరు. ఎప్పుడూ లేరు." వైరు వదిలాడు. "అవి చుట్టాల ఇండ్లు. మన ఆసుపత్రిలో అప్పుడు ఇక్కడి రేషన్ కార్డుంటేనే గదా మందులూ పడకా ఉచితం. రోడ్డుకి ఆ పక్క ఇంకో రాష్ట్రం, వాళ్ళకి లేదు. అందుకని అక్క ఇంటి కార్డులోనో మామ ఇంటి కార్డులోనో పేరు చేర్పించుకుని వచ్చేవాళ్ళు. కరెంటు అయిపోతానే సొంత ఊరికి పోయేవాళ్ళు. సెంజి పక్క, పన్రుట్టి పక్క. నేను పోయి అడిగితే ఈ ఇంటోళ్ళకి భయం, కార్డు యాడ పోతాదో అని. ఇల్లు ఖాళీ చేసినారు, యాడికి పోయినారో తెలీదు అనేవాళ్ళు."

"మూడు వారాలు చాలన్నవాళ్ళంతా..."

"వాళ్ళేనమ్మా. ఇక్కడ ఇల్లుండేవాళ్ళు ఆరు వారాలైనా వస్తారు, పోతారు. చుట్టాల ఇంట్లో అన్ని రోజులు ఉండేదానికి అవుతాదా?"

ఆరు వారాల గుంపులో ఆచూకీ లేనివాళ్ళు తొమ్మిది మందే. అది తాను సరిగ్గా నిర్వహించినందువల్లేనని సుగంధి అప్పట్లో గర్వంగా రాసుకుంది.

"మీకు తెలుసు," అంది. "అన్నేళ్ళూ తెలుసు. నాకెందుకు చెప్పలేదు?"

"రాసినానమ్మా."

"రాసింది ఆచూకీ లేదనే. పట్టికలో ఉంది, చూశాను." తన గొంతు పెరగడం ఆమెకే వినిపించింది. "ఆ ఒక్క మాట మీద ఎన్ని ఊళ్ళలో ఎంతమందికి ఈ వైద్యం చేస్తున్నారో తెలుసా అన్నా?"

పట్టమ్మాళ్ రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చి ఇద్దరి మధ్య పెట్టి, భర్త ముఖం చూసి లోపలికి వెళ్ళిపోయింది.

కాఫీ చల్లారాక అతనే అన్నాడు. "పేర్లు చదవండి. నాకు ముఖాలు గుర్తుండాయి. ఊరు నేను చెప్తా."

ఆమె చదివింది. కొన్ని పేర్లకు అతను వెంటనే ఊరు చెప్పాడు. కొన్నిటికి కళ్ళు మూసుకుని, చెవికి పోగులుండే మనిషా, కొడుకు లారీ నడిపేవాడు, ఆయనేనా అని అడిగాడు. ముప్పై ఎనిమిదిలో ముప్పై ఒకటి దొరికాయి.

*

బుధ, గురువారాలు ఆమె సెలవు పెట్టింది. కారును విల్లియనూరు కూడలిలోనే ఆపించాడు అళగేశన్. అద్దం మీద ఆసుపత్రి బొమ్మ చూస్తే తలుపులు మూసుకుంటాయన్నాడు. గుడి వెనక వీధిలో నడిచారు. అతను ముందు, ఆమె వెనక. వీధిలో ఒకరిద్దరు అతన్ని గుర్తుపట్టి, "ఏం సైకిల్ మామా, ఇప్పుడు డాక్టర్‌ని కూడా వెంటేసుకున్నావా?" అన్నారు. అతను నవ్వి ఊరుకున్నాడు.

మంగళం అనే ఆమె గడప దగ్గర కనకాంబరాలు కడుతోంది. చాపమీద పువ్వులు మూడు కుప్పలుగా ఉన్నాయి. వీళ్ళను చూసినా చెయ్యి ఆపలేదు.

"కార్డు పరీక్షకి వచ్చినారా?"

"కాదు మంగళం. నీ తమ్ముడి గురించి," అన్నాడు అళగేశన్.

"ఏ తమ్ముడు? నాకు తమ్ముడు లేడు."

"దేవరాజన్."

దారం రెండు చుట్లు తిరిగి ముడిపడింది. "అప్పుడే చెప్పినా గదా, ఇల్లు ఖాళీ చేసినాడని."

"చెప్పినావు. నేనూ అట్లే రాసుకుని పోయినా. ఇప్పుడు కార్డు జోలికి ఎవురూ రారు. ఈయమ్మకి తేదీ ఒకటి కావాల."

మంగళం సుగంధి ముఖంలోకి చూసింది. "మీరే గదా కరెంటు పెట్టించిన డాక్టరమ్మ. అప్పుడు జుట్టు నల్లగా ఉండె." పువ్వులు పక్కకు జరిపి చోటిచ్చింది. "ఆడి మాసంలో పోయినాడు. మెడ మళ్ళీ వాచింది. మింగేదానికి లేదు. మళ్ళీ ఆసుపత్రికి పోదాం రా అంటే వద్దన్నాడు. యాడుండేది, నీ ఇంట్లోనే ఎన్ని రోజులుండేది అన్నాడు." దారం తెంపి, "మీకు పుణ్యముంటాదిలేమ్మా. మూడు వారాల్లో ఇంటికి పంపించినారు. ఉన్న ఆరు నెలలు బిడ్డల దగ్గర ఉన్నాడు," అంది.

సుగంధి నోటుపుస్తకం తెరిచి ఉంది. ఆడి మాసం అంటే జూలై సగం నుంచి. ఏ రోజో అడిగింది. మంగళం లోపలికి వెళ్ళి గోడకున్న ఫోటో తెచ్చి చూపించింది. కింద తమిళంలో పుట్టిన రోజు, పోయిన రోజు రాసి ఉన్నాయి.

"తేదీ మాత్రం రాసుకో. మా పేరు రాయొద్దు. మనవరాలికి ఆ కార్డు మీదనే కాలేజీలో సీటొచ్చింది."

"రాయనమ్మా."

"సైకిల్ మామకి తెలుసు గాబట్టి చెప్తుండా."

ఆ రెండు రోజుల్లో వాళ్ళు పద్నాలుగు ఇళ్ళకు వెళ్ళారు. సరణ్య మరో పన్నెండు మంది సంగతి ఫోన్‌లో రాబట్టింది. సోమవారం తెలిసినవాళ్ళతో కలిపి ఇరవై ఆరు మందిలో ఇరవై రెండు మరణాలు, అన్నీ ఏడాదిన్నర లోపలే. బతికున్న నలుగురిలో ఒకాయన పన్రుట్టి రోడ్డు మీద పనసపళ్ళు అమ్ముతున్నాడు. సుగంధి నోట్లో టార్చి వేసి చూస్తుంటే, "పండు కొంటేనే నోరు తెరుస్తా," అన్నాడు. అళగేశన్ ఒక పండు కొన్నాడు. తిరుగుప్రయాణంలో కారు నిండా దాని వాసనే.

*

శుక్రవారం పొద్దున భువనేశ్ లెక్క మళ్ళీ కట్టాడు. ఆ పరిశోధన జరిగినప్పుడు అతను విద్యార్థి. వ్యాసంలో రెండో పేరు అతనిది. ఇప్పుడు అదే విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్. వచ్చే నెల అతని పదోన్నతి ఇంటర్వ్యూ ఉంది.

గ్రాఫులో పై గీత ఆరు వారాలది. దాన్ని ఆనుకుని నడవాల్సిన రెండో గీత ఎనిమిదో నెల దగ్గర విడిపోయి కిందికి దిగింది.

"చిన్న పుండుతో వచ్చినవాళ్ళలో తేడా లేదు మేడం. మెడలో గడ్డలతో వచ్చినవాళ్ళలోనే. రెండేళ్ళు బతికినవాళ్ళు నూటికి అరవై నాలుగని రాశాం. మొత్తం మీద యాభై నాలుగే."

"నూటికి పది మంది."

"ఆ రోజుల్లో మన దగ్గరున్న సమాచారంతో మనం చేసింది తప్పు కాదు."

అతను తాను రాసిన చిత్తుప్రతి ముందుకు జరిపాడు. పత్రిక సంపాదకుడికి ఉత్తరం, అచ్చువేయాల్సిన సవరణ. పొందికగా ఉంది. మూడో వాక్యం దగ్గర ఆమె ఆగింది. క్షేత్ర సిబ్బంది వివరాల నమోదులో జరిగిన పొరపాటు వల్ల కొందరు రోగుల మరణాలు లెక్కలోకి రాలేదు.

"అళగేశన్ పేరు ఎక్కడా లేదు మేడం. ఆయనకు ఏ ఇబ్బందీ రాదు. ఇలాంటి ఉత్తరాల్లో అందరూ ఇలాగే రాస్తారు."

వాక్యం అబద్ధమని ఆమెకు అనిపించలేదు. మంగళవారం ఆ వరండాలో తాను అన్నది కూడా అదే. "పాత షీట్లు జత చెయ్యాలి కదా," అంది. "నేను తెస్తాను."

రికార్డుల గది కింది అంతస్తులో ఉంది. గుమస్తా అణ్ణాదురై నిచ్చెన ఎక్కి, పురికొసతో కట్టిన మూడు కట్టలు దించి, తువ్వాలుతో దులిపి బల్ల మీద పెట్టాడు. పదేళ్ళుగా వీటినెవరూ అడగలేదన్నాడు. ఆమె పురికొస విప్పింది.

వారానికొక షీటు. పొడుగాటి కాగితం, గడులు గీసి ఉంది. పేరు, నెంబరు, వెళ్ళిన తేదీ, ఆచూకీ ఉందా లేదా. పట్టికలోకి ఎక్కించేది ఇంతవరకే. కుడి అంచున మరో గడి ఉంది, రిమార్కులకు. దాని నిండా అళగేశన్ గుండ్రటి తమిళ అక్షరాలు.

మేనమామ ఇల్లు. రోగి ఇక్కడ ఉండలేదు. సొంత ఊరు సెంజి దగ్గర. వెళ్ళి చూసి రావడానికి అనుమతి కోరుతున్నాను.

తర్వాతి వారం షీటు. అక్క ఇల్లు. రోగి సొంత ఊరికి వెళ్ళాడు, జబ్బు ముదిరిందని పక్కింటివారు అన్నారు. వెళ్ళి చూసి రావడానికి అనుమతి కోరుతున్నాను.

ఆమె ఒక్కొక్కటే తిప్పింది. పదకొండు షీట్లలో ఆ కోరిక ఉంది. పన్నెండో దాంట్లో ఊరి పేరే ఉంది, కోరిక లేదు. మరికొన్ని వారాలు ఊరి పేర్లు నడిచాయి. ఆ తర్వాత రిమార్కుల గడిలో ఒక అడ్డగీత. తర్వాతి షీట్లన్నిటిలోనూ అడ్డగీతే.

ప్రతి షీటు కింద పచ్చ ఇంకుతో రెండు మాటలున్నాయి. చూశాను. సుగంధి.

"కావల్సింది దొరికిందా మేడం?" అని అడిగాడు అణ్ణాదురై.

ఆమె తలూపింది. కట్ట మళ్ళీ కట్టబోతే ముడి పడలేదు. అతనే వచ్చి కట్టాడు.

పైకి వచ్చి భువనేశ్ కుర్చీలోనే కూర్చుని మూడో వాక్యం తీసేసింది. కొత్త వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది. క్షేత్ర సిబ్బంది వివరాలను సరిగానే రాశారు, రోగుల సొంత ఊళ్ళకు వెళ్ళడానికి పదకొండుసార్లు అనుమతి అడిగారు. ఆ షీట్ల మీద నేను సంతకం చేశాను. చదవలేదు.

భువనేశ్ ఆమె భుజం మీదుగా చదివాడు. "మేడం, ఇలా ఎవరూ రాయరు."

"తెలుసు."

"సవరణతో పోయేది కాదిది. వ్యాసం వెనక్కి తీసుకోమంటారు. మీకు ఏడు నెలలే. నాకు..." ఆగిపోయాడు.

"షీట్లలో నీ సంతకం లేదు భువనేశ్. ఆ మాట కూడా రాశాను, కింద ఉంది చూడు."

అతను చూడలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. కాసేపటికి వచ్చి, అంకెలు మరోసారి సరిచూస్తానని కాగితాలు తీసుకుపోయాడు.

సాయంత్రం ఆమె ముదలియార్‌పేటలోని అళగేశన్ ఇంటికి వెళ్ళింది. కుర్చీ అల్లడం అయిపోయింది. అళగేశన్ దాన్నే వేసి కూర్చోమన్నాడు.

"షీట్లు చూశాను అన్నా."

అతను తల పంకించాడు. కొత్త వైరు చుట్ట అంచు వెతుకుతున్నాడు.

"రాశానని మీరన్నప్పుడు కూడా నమ్మలేదు."

"సరేలెండి. అన్ని షీట్లు ఎవురు చదువుతారు."

"ఈ ఉత్తరం అచ్చవుతుంది. దాని మీద పరిశోధకుడిగా మీ పేరు వేస్తాను. కనిపెట్టింది మీరు. అప్పుడే వెయ్యాల్సింది."

వంటింట్లో పట్టమ్మాళ్ గరిట చప్పుడు ఆగింది. "వెయ్యమను," అంది లోపల్నుంచే. "మనవళ్ళకి చూపించుకుందాం. వీళ్ళ తాత సైకిల్ తొక్కడం తప్ప ఏం చేసినాడంటారు."

అళగేశన్ నవ్వాడు గానీ చేతులు రెండూ వైరు మీద ఆగిపోయాయి. "నా పేరు వద్దమ్మా."

"ఎందుకు?"

"ఆ మంగళం మనవరాలు కాలేజీలో చదువుతుండాది. ఇంగ్లీషు వస్తాది. ఫోన్‌లో నా పేరు చూస్తే, కార్డు సంగతి మామ బయట పెట్టినాడు అనుకుంటాది. ఆ వీధంతా అనుకుంటాది. రేపు మీరు ఇంకొకర్ని పంపిస్తే వాళ్ళకి తలుపు తియ్యరు." వైరు అంచు దొరికింది. పళ్ళతో కొరికి కొస సాపు చేశాడు. "మీ పేరే ఉండనీ. మీరు యాడికీ పోయి అడగాల్సిన పని లేదు గదా."

దెప్పుతున్నాడా అని ఆమె అతని ముఖం చూసింది. లేదు. ఉన్నమాటే అన్నాడు.

*

శనివారం ఎనిమిదిన్నరకు ఉత్తరం పంపించింది. భువనేశ్ లెక్కలు సరిచూసి, మార్చకుండా, తన పేరు ఉంచమనీ తీసెయ్యమనీ చెప్పకుండా తిరిగిచ్చాడు. ఆమె అతని పేరు ఉంచలేదు.

సరణ్య దరఖాస్తు పట్టుకుని వచ్చింది. "మేడం, ఒక సందేహం. ఈ సవరణ అచ్చయితే దానికీ వేరే నెంబరిస్తారంట. అదీ మీ జాబితాలో చేరతాది. అరవై ఒకటి రాయాల్నా, అరవై రెండా?"

సుగంధికి నవ్వొచ్చినట్టయింది. "ఏదీ రాయొద్దు. పంపడం లేదని డైరెక్టర్‌గారికి నేనే చెప్తాను. మొదటి టోకెన్ పిలువు."

వచ్చినవాళ్ళు భార్యాభర్తలు. మగమనిషి తువ్వాలు మెడకు చుట్టుకుని ఉన్నాడు. తియ్యమంటే తీశాడు. చెవి కింద గడ్డ నిమ్మకాయంత ఉంది. ఆమె వేళ్ళతో తడిమి చూసింది, కదలడం లేదు. నోరు తెరిపించి చూసింది. కేసు షీటు మీద చిరునామా ముదలియార్‌పేటది.

"మూడు వారాల కరెంటు పెట్టించండి డాక్టరమ్మా," అన్నాడతను, నాలుక సరిగా తిరగక మెల్లగా. "మా పక్క అందరూ అదే పెట్టించుకున్నారు."

"మీకు ఆరు వారాలు పెట్టాలి."

"మూడు వారాల్దే మంచిదని చెప్పినారే."

"మీకు కాదు. ఈ గడ్డ ఉన్నవాళ్ళకి ఆరు వారాలే పెట్టాలి."

భార్య తువ్వాలు అతని చేతిలోంచి తీసుకుని మడతలు పెట్టింది. "ఆరు వారాలు యాడ ఉండేది డాక్టరమ్మా?"

పదహారేళ్ళ కిందట ఎవరో ఈ ప్రశ్నే అడిగితే, దానికి జవాబు వెతుకుతూ సుగంధి ఆ పరిశోధన మొదలుపెట్టింది. భార్య తువ్వాలు మడతపెడుతూనే ఉంది. బయట రెండో టోకెన్ పిలవమంటారా అని సరణ్య తొంగి చూసింది. సుగంధి వద్దని చెయ్యి ఊపి, పెన్ను పక్కన పెట్టింది.

"కూర్చోమ్మా," అంది. "మీది ఏ ఊరో ముందు నాకు చెప్పు. కార్డులో ఉన్నది కాదు."

భర్త భార్య వైపు చూశాడు. ఆమె తలుపు వైపు చూసింది. సుగంధి లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చి, మళ్ళీ కూర్చుంది.